కండ పెరిగిందా, నీరు చేరిందా?

జిమ్‌లో చేరిన మూడో వారం ట్రైనర్ పిలిచి మిషను ఎక్కిస్తాడు. సాక్సులు విప్పి, లోహపు రేకుల మీద పాదాలు ఆనించి, చేతుల్లో రెండు పిడులు పట్టుకుని కాసేపు బొమ్మలా నిలబడితే ప్రింటరు ఒక పొడుగు కాగితం కక్కుతుంది. బరువు, కొవ్వు శాతం, కండ బరువు, ఒంట్లో నీరు, ఎముకల బరువు, పొట్ట లోపలి కొవ్వుకు ఒక అంకె, ఆఖర్న మన పుట్టినతేదీతో ఏ సంబంధమూ లేని ఒక ‘మెటబాలిక్ ఏజ్’. ట్రైనర్ పెన్ను తీసి రెండు అంకెల చుట్టూ సున్నాలు చుడతాడు. “చూడన్నా, ఫ్యాట్ తగ్గింది, మజిల్ పెరిగింది. ప్రోటీన్ కూడా పడితే ఇంకా మస్తుగుంటది” అంటాడు. ప్రోటీన్ అంటే కౌంటర్ వెనక అరలో ఉన్న నల్ల డబ్బా.

ఆ సున్నాలు చుట్టిన అంకెల్ని కొంచెం దగ్గరగా చూద్దాం. ఊరికే ఒక లెక్క వేసుకుందాం. చేరిన రోజు బరువు 78 కిలోలు, కొవ్వు 28 శాతం. అంటే కొవ్వు 21.8 కిలోలు, మిగతాది 56.2. మూడు వారాల తర్వాత బరువు 78.6, కొవ్వు 26.5 శాతం. ఇప్పుడు కొవ్వు 20.8, మిగతాది 57.8. కాగితం ప్రకారం కిలో కొవ్వు కరిగింది, కిలోన్నరకు పైగా ‘లీన్ మాస్’ పెరిగింది. వినడానికి బాగుంది. ఇంటికెళ్లి చెప్పుకోవడానికి ఇంకా బాగుంటుంది.

కానీ బరువులెత్తితే కండ ఎంత వేగంగా పెరుగుతుందో తెలియని విషయమేం కాదు. 2012లో వేన్ వెస్ట్‌కాట్ అనే అమెరికన్ పరిశోధకుడు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కూర్చి చెప్పిన లెక్క ఇది: పది వారాల వెయిట్ ట్రైనింగ్‌తో లీన్ బరువు సుమారు 1.4 కిలోలు పెరుగుతుంది, కొవ్వు 1.8 కిలోల దాకా తగ్గుతుంది. ఆరోగ్యవంతులైన మగవాళ్ల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2020లో ఇంకో బృందం లెక్క కడితే పెరుగుదల సగటున కిలోన్నర దగ్గరే తేలింది. అక్కడ పది వారాలూ అంతకంటే ఎక్కువా పట్టిన పని, మన కాగితంలో మూడు వారాల్లో అయిపోయింది. మనం అంత అసాధారణులమైనా అయ్యుండాలి, లేదా ఆ కిలోన్నరలో కండ కానిదేదో ఎక్కువగా ఉండాలి. రెండోదే నిజమయ్యే అవకాశం ఎక్కువని చెప్పడానికి డాక్టరేట్ అక్కర్లేదు.

ఆ కండ కానిది నీరు.

కొత్తగా బరువులెత్తిన కండకు చిన్న చిన్న దెబ్బలు తగులుతాయి. మెట్లు దిగుతుంటే తొడలు పట్టేసి గోడ పట్టుకోవాల్సి రావడం అందుకే. దెబ్బ తగిలిన చోట నీరు చేరడం ఒంటికి అలవాటే. బ్రెజిల్ పరిశోధకులు 2016లో ఇదే పరిశీలించారు: మొదటి మూడు వారాల్లో స్కానులో తొడ కండ లావు పెరిగినట్టు కనిపించింది గానీ, అందులో ఎక్కువ భాగం వాపే. దెబ్బలకు కండ అలవాటుపడి, వాపు తగ్గాకే అసలు పెరుగుదల మొదలవుతుంది. మరి మొదటి వారాల్లోనే పదికిలోల డంబెల్ తేలికైపోతుందేం? అది నరాల మహిమ. ఉన్న కండలోనే ఎక్కువ పోగుల్ని ఒకేసారి పనిలోకి దింపడం మెదడు నేర్చుకుంటుంది. మొదట్లో బలం పెరగడానికి ముఖ్య కారణం ఈ నేర్పేనని 1979లోనే మొరిటానీ, డివ్రీస్ చూపించారు. బలం ముందొస్తుంది, కండ వెనకొస్తుంది.

రెండో నీటి ఖాతా గ్లైకోజన్‌ది. అన్నం, రొట్టెల్లోని పిండిపదార్థాన్ని కండ గ్లైకోజన్‌గా మార్చి దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. కసరత్తు చేసే కండ ఎక్కువ దాచుకుంటుంది. వంద గ్రాములు అదనంగా దాచుకుంటే, నీటితో కలిపి నాలుగు వందల గ్రాములు. క్రియాటిన్ పొడి కూడా మొదలుపెట్టి ఉంటే కిలో, ఒక్కోసారి రెండు కిలోలు నీటి రూపంలో మొదటి వారాల్లోనే వచ్చి చేరతాయి. ఇదంతా చెడ్డ నీరేం కాదు, కండలోపలి నీరే, ఉపయోగమే. కాకపోతే అది కండ కాదు. వారంపాటు అన్నం మానేస్తే గ్లైకోజన్‌తో చేరిన నీరు వెళ్లిపోతుంది. అప్పుడదే మిషను “మజిల్ లాస్” అంటుంది, అదే ట్రైనర్ ఇంకో డబ్బా చూపిస్తాడు.

నీటిని మిషను కండ అని ఎందుకంటుంది? అది చూడగలిగింది నీటిని మాత్రమే కాబట్టి. పాదం కింద రేకుల్లోంచి మనకు తెలియనంత చిన్న కరెంటు, సాధారణంగా 50 కిలోహెర్ట్జ్ దగ్గర, ఒంట్లోకి పంపుతుంది. నీళ్లూ లవణాలూ నిండిన కండలోంచి కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులోంచి పోవడానికి మొరాయిస్తుంది. ఎంత మొరాయించిందో కొలిచి, దానికి మన ఎత్తు, బరువు, వయసు, ఆడా మగా అన్నవి కలిపి, ఒంట్లో నీరు ఇంత ఉండొచ్చని ఒక సూత్రంతో ఊహిస్తుంది. కొవ్వు లేని దేహంలో 73 శాతం నీరుంటుందన్న మరో ఊహతో ఆ నీటిని భాగించి లీన్ మాస్ తేలుస్తుంది. దాన్ని మొత్తం బరువులోంచి తీసేస్తే మిగిలింది కొవ్వు. పెళ్లికి ఎంతమంది వచ్చారో తెలుసుకోవడానికి ఎంగిలి విస్తళ్లు లెక్కపెట్టడం లాంటిదిది. మొత్తం మీద తప్పు కాదు, కానీ రెండో పంక్తిలో మళ్లీ కూర్చున్న బావగారి సంగతి విస్తళ్లకు తెలియదు.

ఆ 73 శాతం లెక్కకు మూలం 1945లో గినీపందుల లాంటి చిన్న జంతువుల మీద తీసిన కొలతలు. మనుషుల్లోనూ సగటున దానికి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి అది నిలబడింది. కానీ సగటు మనిషి మిషను ఎక్కడు, మనమే ఎక్కుతాం.

అందుకే చిన్న చిన్న విషయాలకే అంకె ఊగుతుంది. రెండు గ్లాసుల మజ్జిగ తాగి వెంటనే ఎక్కారనుకోండి. బరువు పెరుగుతుంది. పొట్టలో ఉన్న మజ్జిగ కరెంటు దారిని ఇంకా మార్చలేదు. పెరిగిన బరువుకు వేరే లెక్క దొరకదు కాబట్టి మజ్జిగంతా కొవ్వు ఖాతాలో పడుతుంది. వర్కౌట్ కాగానే ఎక్కితే ఒళ్లు వేడెక్కి, చర్మానికీ కాళ్లూచేతులకూ రక్తం జోరుగా పారుతుంది కాబట్టి కరెంటుకు అడ్డు తగ్గి కొవ్వు తక్కువ చూపిస్తుంది. నీళ్లు తాగక ఎండిపోయి ఉంటే అడ్డు పెరిగి కొవ్వు ఎక్కువ చూపిస్తుంది. పాదాల రేకులు మాత్రమే ఉన్న ఇంటి మిషన్ల మీద పొద్దున్న లేవగానే ఎక్కువ కొవ్వు, సాయంత్రం తక్కువ కొవ్వు కనిపించడం మామూలే. రోజంతా నిలబడ్డాక నీరు కాళ్లలోకి దిగుతుంది మరి. ఆడవాళ్లకు నెల తిరిగేలోపే నీరు పెరిగి తగ్గుతుంది, దాంతోపాటే అంకె కూడా. కొన్ని మిషన్లలో ‘అథ్లెట్ మోడ్’ అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే సూత్రం మారి, నిలబడ్డ చోటే కొవ్వు శాతం గణనీయంగా పడిపోతుంది. ట్రెడ్‌మిల్ మీద అంత వేగంగా ఎవరికీ కరగలేదు.

ఇంకో ఇబ్బంది మన తెలుగువాళ్లకు మరీ దగ్గరిది. చెయ్యీ కాలూ సన్నగా పొడుగ్గా ఉంటాయి కాబట్టి కరెంటుకు అడ్డంతా దాదాపు అక్కడే. మొండెం బరువులో సగం ఉన్నా మొత్తం అడ్డులో దాని వాటా పదో వంతే. అంటే పొట్ట గురించి మిషనుకు నేరుగా తెలిసేది చాలా తక్కువ. సన్నటి కాళ్లు, ముందుకొచ్చిన పొట్ట ఉన్న మధ్యవయసు మగవాడి విషయంలో అది మర్యాదగా మౌనం వహిస్తుంది. పొట్ట లోపలి కొవ్వుకు అది ఇచ్చే ‘లెవెల్’ చూసి చేసిన అంచనా కాదు, సూత్రం అల్లిన అంచనా.

మన ఒంటి తీరు ఇదేనని లోకానికి చూపించిన ఫొటో ఒకటుంది. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె కేఈఎం ఆస్పత్రి డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగారు. ఎత్తుకు తగ్గ బరువును చూసే బీఎంఐ ఇద్దరిదీ ఒకటే, 22.3. ఎక్స్‌రేతో కొవ్వును కొలిచే డెక్సా స్కాన్ తీస్తే యుడ్కిన్‌కు కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. బట్టల్లో చూస్తే ఇద్దరూ సన్నగానే ఉన్నారు. మన దేశంలో అధిక బరువు, ఊబకాయాల బీఎంఐ గీతలను 23కు, 25కు దించడం వెనక ఉన్నది ఇలాంటి తేడాలే.

ఇదే బీఎంఐ అటువైపు కూడా బోల్తా కొడుతుంది. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచింది 69 కిలోల విభాగంలో, మొత్తం 240 కిలోలెత్తి. ఆ బరువున్న స్త్రీ ఎవరైనా 5 అడుగుల 4 అంగుళాల ఎత్తుంటే బీఎంఐ 26 దాటుతుంది. మన లెక్కలో అది ఊబకాయం. 1830ల్లో బెల్జియం గణాంకవేత్త కెట్‌లే ‘సగటు మనిషి’ని వెతుకుతూ కట్టిన నిష్పత్తి అది. ఒక్క మనిషి ఒంట్లో ఏముందో చెప్పమని అతనెప్పుడూ అడగలేదు. 1942లో అమెరికా నేవీ డాక్టర్ ఆల్బర్ట్ బెన్‌కీ బృందం వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్లు పాతికమందిని తూచింది. ఎత్తు, బరువుల పట్టిక ప్రకారం వాళ్లలో 17 మంది సైన్యానికి పనికిరానంత లావు. నీళ్లలో ముంచి తూచి చూస్తే ఎక్కువమందిలో ఉన్నది కొవ్వు కాదు, కండ.

నీళ్లలో ముంచి తూచడం చాలాకాలం అన్నింటికంటే నికార్సయిన పద్ధతిగా చలామణీ అయింది. కొవ్వు సాంద్రత 0.9, మిగతా దేహానిది 1.1 అనుకుని, మొత్తం సాంద్రత నుంచి కొవ్వు శాతం రాబట్టడం దాని కిటుకు. బరువులెత్తేవాళ్లు ఆ కిటుకును కూడా చెడగొట్టారు. బాగా కండ పెంచిన మగవాళ్లలో కొవ్వు లేని దేహపు సాంద్రత 1.1 కాదని, సుమారు 1.089 అని 1996లో మోడ్లెస్కీ బృందం చూపించింది. కండలో నీరెక్కువ కాబట్టి కండ పెరిగేకొద్దీ సగటు సాంద్రత తగ్గుతుంది. పాత సూత్రం అది చూసి లేని కొవ్వును అంటగడుతుంది. కండ కోసం ఏళ్ల తరబడి చెమటోడిస్తే కొలత కర్ర దాన్ని కొవ్వుగా రాసుకోవడం, శాస్త్రానికి కూడా హాస్యం తెలుసనడానికి నిదర్శనం.

ఇప్పుడు పెద్దపీట డెక్సాది. ఎముకల సాంద్రత చూసే మిషనే. రెండు రకాల ఎక్స్‌రే కిరణాలను పంపి, ఒక్కో చుక్క దగ్గర ఎముక ఎంత, కొవ్వు ఎంత, మిగతాది ఎంత అని విడదీస్తుంది. రేకుల మిషను కంటే చాలా నయం, కాలూ చెయ్యీ మొండెం విడివిడిగా చెబుతుంది, రేడియేషన్ కూడా అతి తక్కువ. కానీ ఆ ‘మిగతాది’లో కండతోపాటు కాలేయం, పేగులు, రక్తం, నీరు అన్నీ ఉంటాయి. అన్నం దండిగా తిని గ్లైకోజన్ నింపుకుని వెళ్తే డెక్సా కూడా లీన్ మాస్ ఎక్కువ చూపిస్తుందని పరీక్షించి తేల్చారు. అసలు కండనే తూచాలంటే ఎంఆర్ఐ ఉంది, ఇంకా కొత్తగా గుర్తు పెట్టిన క్రియాటిన్‌ను మింగించి మూత్రంలో దాని జాడ కొలిచే పద్ధతి ఉంది. వృద్ధుల మీద ఆ రెండో పద్ధతి ప్రయోగిస్తే నడక వేగానికీ కండకూ గట్టి సంబంధం కనిపించింది. డెక్సా లీన్ మాస్‌తో చూస్తే ఆ సంబంధం బలహీనంగానే ఉంది. ఎంఆర్ఐ గానీ ఈ క్రియాటిన్ పద్ధతి గానీ జిమ్‌లో దొరికేవి కావు.

బరువు తగ్గేవాళ్లు బెదిరిపోయే అంకె ఇంకొకటుంది. పది కిలోలు తగ్గితే అందులో రెండు మూడు కిలోలు లీన్ మాస్ అని కాగితం చెప్పగానే కండ పోయిందని గుండెలు బాదుకుంటారు. కొంత పోయే ఉంటుంది, పస్తులుండి తగ్గినవాళ్లకు మరీ. కానీ మన ఒంటి మీది కొవ్వు డబ్బాలో పోసిన నెయ్యిలా మొత్తం కొవ్వే కాదు. ఆ కణజాలంలో సుమారు 85 శాతం కొవ్వు, మిగతాది నీరు, ప్రోటీన్. పది కిలోల కొవ్వు కణజాలం పోతే కిలోన్నర దాకా లీన్ లెక్కలోంచే పోతుంది, కండ ఒక్క గ్రాము తగ్గకపోయినా. బరువు తగ్గే నెలల్లో బరువులెత్తితే కండ చాలావరకు నిలుస్తుంది. అప్పుడు కాగితంలో ‘పెరగలేదు’ అన్న అంకే శుభవార్త.

కండ పెరిగితే కూర్చున్నా కొవ్వు కరుగుతుందన్న మాట కూడా జిమ్‌ల గోడల మీద కనిపిస్తుంది. విశ్రాంతిలో కిలో కండ రోజుకు ఖర్చు పెట్టేది సుమారు 13 కిలోకేలరీలు. కిలో కొవ్వు ఖర్చు 4, 5. కిలోన్నర కొత్త కండతో రోజుకు ఇరవై కిలోకేలరీలు అదనంగా ఖర్చవుతాయి. ఒక మారీ బిస్కెట్‌కు కూడా చాలదు. ఎత్తేటప్పుడూ ఆ తర్వాత మరమ్మతుకూ అయ్యే ఖర్చు వేరు, ప్రయోజనం అక్కడుంది.

నల్ల డబ్బా లెక్క కూడా ఒకసారి చూడాలి. కండలో మూడు వంతులు నీరు, ప్రోటీన్ ఐదో వంతు. పది వారాల్లో కిలోన్నర కండంటే నికరంగా పేరుకున్న ప్రోటీన్ 300 గ్రాములు, రోజుకు నాలుగు గ్రాముల పైచిలుకు. తిన్నదంతా కండకే పోదు కాబట్టి అంతకంటే ఎక్కువే తినాలి. ఎంత అన్న దగ్గర పేచీ ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సాధారణ పెద్దలకు కిలో బరువుకు 0.83 గ్రాములు చాలంటుంది. 2024 మార్గదర్శకాల్లో కండ కోసం ప్రోటీన్ పొడుల జోలికి పోవద్దని కూడా చెప్పింది. బరువులెత్తేవాళ్ల మీద పరిశోధనలు కిలోకు 1.6 గ్రాముల దాకా ఉపయోగం చూపించాయి. నా మట్టుకు నాకు రెంటికీ పెద్ద వైరం కనిపించదు. పప్పు పలచగా, అన్నం కుప్పగా ఉండే మన కంచంలో 0.83 అందడమే గగనం. ముందు గుడ్లు, పెరుగు, పప్పు, చేప పెంచి చూసి, అప్పటికీ చాలకపోతే డబ్బా సంగతి ఆలోచించవచ్చు.

జిమ్ మిషనుతో కథ ఆగితే బాగుండేది. ఏడాదికోసారి చేయించే హెల్త్ చెకప్‌లో కూడా కండ వేలు పెడుతుంది. లివర్ టెస్టులో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కండలోనూ ఉంటాయి. అలవాటు లేని ఆరోగ్యవంతులైన మగవాళ్లతో గంటసేపు బరువులెత్తిస్తే ఆ అంకెలు పైకెళ్లి, కనీసం వారం రోజులు దిగలేదని 2008లో స్వీడన్ పరిశోధకులు రాశారు. అక్కడ లివర్‌కు ఏ జబ్బూ లేదు. లివర్ వైపు చూపే జీజీటీ మామూలుగా ఉండి, కండలోంచి వచ్చే సీపీకే ఎక్కువగా ఉంటే గాలి కండ వైపు వీస్తున్నట్టు. క్రియాటినిన్‌ది కూడా ఇదే వరస. అది కండలోంచి వచ్చేదే, కండ ఎక్కువున్నవాళ్లకీ క్రియాటిన్ పొడి తాగేవాళ్లకీ కాస్త ఎక్కువ ఉంటుంది. దాన్నిబట్టి కిడ్నీ పనితనం లెక్కకట్టే ఈజీఎఫ్ఆర్ సూత్రం ఎదుట ఉన్నది మామూలు కండ ఉన్న మనిషనుకుంటుంది. అనుమానం తీరాలంటే కండతో అంతగా ముడిపడని సిస్టాటిన్-సి పరీక్ష ఉంది. అలాగని క్రియాటినిన్ పెరిగిన ప్రతిసారీ “నేను జిమ్‌కెళ్తాను లెండి” అని డాక్టర్‌కు నచ్చజెప్పి వచ్చేయకూడదు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం లాంటి ప్రాంతం నుంచి వచ్చినవాళ్లయితే అసలే కూడదు. పరీక్షకు ముందు వారానికి పైగా బరువులు మానేసి మళ్లీ చేయించడం తేలికైన పని. విపరీతంగా కసరత్తు చేశాక మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం పరీక్షల గురించి ఆలోచించకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

మరి రేకుల మిషను పనికిరాదా? ఒక్క చీటీగా పనికిరాదు, ఏడాది పొడుగునా వరసగా పేర్చిన చీటీలుగా పనికొస్తుంది. అదే మిషను, అదే మోడ్, పొద్దున్న కడుపు ఖాళీ అయ్యాక, కాఫీకి ముందు, వర్కౌట్ తర్వాతి రోజు కాకుండా చూసుకుని, నెలకోసారి చాలు. రెండు చీటీల మధ్య ఒకటి రెండు శాతం తేడా వస్తే పట్టించుకోనక్కర్లేదు. మూడు నాలుగు చీటీలు ఒకే దిక్కుకు పోతుంటే పట్టించుకోవాలి. వాటి పక్కన టైలర్ టేపు పెట్టండి. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 మన దేశానికి చెప్పిన హద్దులు. నడుము తగ్గి, బరువు అంతే ఉండి, ఎత్తే బరువులు పెరుగుతుంటే కాగితం ఏమన్నా అనుకోనివ్వండి.

ఎత్తే బరువును చివర్న చెప్పినా దానికే మొదటి మార్కు ఇస్తాను. 1990లో బోస్టన్‌లో మరియా ఫియటరోన్ బృందం సగటున తొంభై ఏళ్ల వయసున్న పదిమంది బలహీన వృద్ధులతో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించింది. పూర్తి చేసినవాళ్లలో తొడ కండ వైశాల్యం 9 శాతం పెరిగింది. బలం మాత్రం సగటున 174 శాతం పెరిగింది. లీన్ మాస్ అంకె ఒక్కటే చూసుకుని ఉంటే తొమ్మిదిని చూసి పెదవి విరిచేవాళ్లం.

అందుకే వయసుతో కండ తరిగిందా అని చూడటానికి ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టిన పద్ధతిలో స్కానుకు ముందే చేతి పట్టు, కుర్చీ పరీక్ష వస్తాయి. పట్టు మగవాళ్లకు 28 కిలోలకు, ఆడవాళ్లకు 18కి తగ్గితే బలహీనత కిందే లెక్క. పట్టు కొలిచే పరికరం ఇంట్లో ఉండదు గానీ కుర్చీ ఉంటుంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, ఆపైన పడితే కాళ్లకు పని చెప్పే వేళయిందని అర్థం. చేతులు లేని గట్టి కుర్చీ తీసుకుని, వెనక్కి జారకుండా గోడకు ఆనించుకోండి. సోఫా మీద చేసిన లెక్క చెల్లదు.